వేప చెట్టు కొసలు ఎండిపోతున్నాయి, కొట్టేయమంటున్నారు. ఏం చేయాలి?

వాకిట్లో వేప (హన్మకొండ)
14 అక్టోబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా ఇంటి ముందు వేప చెట్టు ఉంది. 1993లో ఇల్లు కట్టినప్పుడు మా బాపు పెట్టిన చెట్టు, ఇప్పుడు రెండంతస్తుల మేడ దాటి పైకి పోయింది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు కొసలు కొంచెం వాడినట్టు కనిపిస్తే ఎండకేమో అనుకున్నాం. సద్దుల బతుకమ్మ నాటికి పై కొమ్మల చివర్లన్నీ ఎర్రబారిపోయాయి, ఎవరో కింద మంట పెడితే సెగ తగిలినట్టు. ఇప్పుడు సగం చెట్టు గోధుమ రంగులో ఉంది. ఎండిన ఆకు రాలడం లేదు, కొమ్మకే వేలాడుతోంది.

పక్కింటాయన రోజూ అడుగుతున్నాడు, గాలి వస్తే మా కారు మీద పడుతుంది, కొట్టించేయండి అని. ఇంకొకాయన మొదట్లో ఉప్పు పోయమన్నాడు, ఇంకొకాయన కిరోసిన్ అన్నాడు. మా అమ్మ పొద్దున లేచి చెట్టు చూసి ఏమీ మాట్లాడకుండా లోపలికి పోతోంది. బాపు పోయి నాలుగేళ్లు. ఈ చెట్టును కొట్టించే పని నా చేతుల మీదుగా జరగకూడదు అనుకుంటున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి. ఫొటోలు పెట్టాను.

పాత నర్సరీ (వరంగల్)
14 అక్టోబర్ 2024, రాత్రి 10:25

తమ్ముడూ, ముందు ఉప్పు, కిరోసిన్ మాట మరిచిపో. ఆ రెండూ వేరును కాల్చేస్తాయి, బతికే చెట్టు కూడా చస్తుంది.

రేపు పొద్దున ఒక పని చెయ్యి. ఎండినట్టు కనిపించే కొమ్మను చివరి నుంచి మొదలు వైపు జానెడు జానెడు దూరంలో గోటితో గీకుతూ రా. పైతోలు కింద గోధుమ రంగు ఉంటే అంతవరకు పోయినట్టు, పచ్చగా తడిగా ఉంటే అక్కడి నుంచి ప్రాణం ఉన్నట్టు. నా లెక్క ప్రకారం మూరెడు లోపలే నీకు పచ్చ కనిపిస్తుంది.

ఇది 2021లో మన రాష్ట్రమంతా వచ్చిందే. ఆ ఏడు దసరా తర్వాత ఏ రోడ్డున పోయినా వేపలు మాడిపోయి కనిపించాయి, జనం ఏదో అరిష్టమని భయపడ్డారు. దీన్ని కొమ్మ ఎండు తెగులు అంటారు, ఇంగ్లిషులో డైబ్యాక్. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంద్రం వల్ల వస్తుంది. డెహ్రాడూన్ వైపు 1990లలోనే చూశారు, కొత్త జబ్బు కాదు. దీనికి తోడు టీ మస్కిటో బగ్ అనే పురుగు ఉంటుంది. అది లేత చిగురు కాడలో సూది గుచ్చి రసం పీలుస్తుంది, దాని లాలాజలం విషం, గుచ్చిన చోట కాడ కుళ్లి ఎండుతుంది. ఆ గాయంలోంచి శిలీంద్రం లోపలికి పోతుంది. వానకు బీజాలు చిట్లి కొమ్మ నుంచి కొమ్మకు పాకుతాయి కాబట్టి వానకాలంలో మొదలై చలికాలం మొదట్లో ముదురుతుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కూడా అప్పుడు ఈ రెండూ కలిసి చేస్తున్న పనే అన్నారు.

పెద్ద చెట్టు దీంతో చావడం తక్కువ. ఎండాకాలం ముందు చిగురేస్తుంది. కొట్టకు.

స్టేషన్ రోడ్డు (కాజీపేట)
14 అక్టోబర్ 2024, రాత్రి 11:02

నర్సరీ అన్న చెప్పింది నిజం. 2021లో మా గల్లీలో ఆరు వేపలు ఇలాగే అయ్యాయి. ఒకరు భయపడి కొట్టించేశారు. మిగతా ఐదింటికి ఎవరమూ ఏ మందూ కొట్టలేదు. మార్చి వచ్చేసరికి ఐదూ చిగురేశాయి. కొట్టించుకున్న ఇంటివాళ్లు ఎండాకాలం మా చెట్టు కింద బండి పెట్టుకుంటున్నారు. మందుల జోలికి పోకు, ఆగు, అంతే.

పాత నర్సరీ (వరంగల్)
15 అక్టోబర్ 2024, ఉదయం 6:15

అన్నా, ఐదూ బతికినందుకు సంతోషం. కానీ ఏటా ఇలాగే ఎండుతూ పోతే చెట్టు దాచుకున్న బలమంతా కొత్త చిగురుకే ఖర్చవుతుంది, మూడో ఏడు నాలుగో ఏడు దానికి శక్తి ఉండదు. చిన్న చెట్టుకైతే ఒక ఏడే ఎక్కువ. అందుకని ఊరికే ఆగమని నేను చెప్పను.

నేను చేసే పద్ధతి చెబుతా. అందినంత వరకు ఎండిన కొసలు, ఎండిన చోటు నుంచి ఇంకో జానెడు పచ్చ కలిపి కోసి కాల్చేయాలి. చెట్టు కింద కుప్ప పోస్తే మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. తర్వాత శిలీంద్రానికి రెండు మందులు: కార్బెండజిమ్ లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి చెట్టు కింది మన్నులో పోస్తాను, వారం ఆగి థయోఫనేట్ మిథైల్ లీటరుకు 2 గ్రాములు కొమ్మల మీద కొడతాను. పురుగు కళ్లకు కనిపిస్తేనే మూడో మందు, ప్రొఫెనోఫాస్ లీటరుకు 3 మిల్లీలీటర్లు. కనిపించకపోతే అది వద్దు.

టీచరమ్మ (పరకాల)
15 అక్టోబర్ 2024, మధ్యాహ్నం 1:30

ప్రొఫెనోఫాస్ ఘాటైన విషం అన్నా, ఇళ్ల మధ్య ముప్పై అడుగుల ఎత్తుకు కొడితే గాలికి ఎవరి ఇంట్లో పడుతుందో మన చేతిలో ఉండదు. కింద నీళ్ల డ్రమ్ములు, ఆరేసిన బట్టలు, పిల్లలు. మా బడిలో ఒకసారి సెలవు రోజు చూసి కొట్టించినా మరునాడు ఇద్దరు పిల్లలకు కళ్లు మండాయి. అప్పటి నుంచి పిల్లలు తిరిగే చోట నేను ఒప్పుకోను. పైగా పూత మీద కొడితే తేనెటీగలు పోతాయి.

ఇంకో విషయం, మందు కంటే ముఖ్యం అనిపించి రాస్తున్నా. తమ్ముడూ, నీ రెండో ఫొటో పెద్దది చేసి చూశాను. చెట్టు మొదలు చుట్టూ టైల్స్ ఉన్నాయి కదా, బెరడుకు ఆనుకుని. ఎప్పుడు వేయించారు? మా బడి వేపకు కూడా చుట్టూ సిమెంటు గద్దె కట్టారు, పిల్లలు కూర్చోవడానికి. రెండేళ్లలో చెట్టు సన్నబడింది, ఆకు చిన్నదైంది. ఊళ్లో అందరూ చీడ అన్నారు. గద్దె పగలగొట్టి చూస్తే లోపల మన్ను రాయిలా ఉంది, ఒక్క వానపాము లేదు.

వాకిట్లో వేప (హన్మకొండ)
15 అక్టోబర్ 2024, రాత్రి 8:50

అక్కా, మీరు అడిగాక పోయి చూశాను. టైల్స్ 2022లో వేయించాం, వాకిలి ఊడ్వడం అమ్మకు కష్టమవుతోందని. సిమెంటు సరిగ్గా బెరడు దాకా ఉంది. అంతకుముందు ఏడు రోడ్డు వైపు డ్రైనేజీ కోసం తవ్వినప్పుడు నా తొడంత వేరు ఒకటి నరికారు, అప్పుడు నేనూ అక్కడే నిలబడి చూశాను, ఏమీ అనలేదు. ఇంకా 2023 జులై వరదల్లో మా కాలనీలో మూడు రోజులు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇవన్నీ వరుసగా రాస్తుంటే చెట్టుకు మేము ఏమేం చేశామో ఇప్పుడు కనిపిస్తోంది.

గోటితో గీకాను. రెండు మూరల లోపల పచ్చగా ఉంది. అమ్మకు చూపించాను. ఆమె కూడా గీకి చూసింది.

పొద్దున ఆరింటికి మేడెక్కి చిగుళ్లు చూస్తే పురుగు కూడా దొరికింది. దోమ కంటే కాస్త పెద్దది, సన్నటి ఒళ్లు, తల నల్లగా, మెడ కింద ఎర్రగా, వీపు మీద గుండుసూది నిలబెట్టినట్టు చిన్న మొలక. అది కూర్చున్న కాడ మీద గోధుమ రంగు గాట్లు, ఒక గాటు దగ్గర తేనె బొట్టంత జిగురు. నేను చెయ్యి చాపేలోపే ఆకు వెనక్కి పోయింది.

పాత నర్సరీ (వరంగల్)
15 అక్టోబర్ 2024, రాత్రి 9:30

అదే, టీ మస్కిటో బగ్. వీపు మీద ఆ సూది చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు. జామకూ జీడిమామిడికీ కూడా ఇదే పడుతుంది.

టీచరమ్మ పట్టుకున్నది అసలు విషయం, నేను ఫొటో సరిగ్గా చూడలేదు. వేరు నరికారు, వరదలో ఊపిరాడలేదు, తర్వాత పైన మూత వేశారు. వేప ఎండను ఓర్చుకుంటుంది గానీ నీళ్లు నిలిస్తే ఓర్చుకోలేదు. అలా చిక్కిన చెట్టు మీదే తెగులు ఇంతలా చెలరేగుతుంది. పక్క వీధి వేపలకు కొసలు మాత్రమే మాడి, నీ చెట్టు సగం మాడిందంటే కారణం అక్కడుంది.

టైల్స్ తీసెయ్. మొదలు నుంచి కనీసం మీటరు దూరం, వీలైతే ఇంకా ఎక్కువ. గడ్డపార మన్నులోకి దిగకూడదు, సిమెంటు పెచ్చులు మాత్రమే లేపాలి. గట్టిపడిన పైమన్నును చేతి గునపంతో రెండు అంగుళాలు గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు పలచగా పరిచి, దానిపై ఎండుటాకు కప్పు. ఆకును బెరడుకు ఆనించవద్దు, జానెడు ఖాళీ వదులు, లేకుంటే చెద పడుతుంది. మందు నీళ్లు మొదట్లో పోస్తే లాభం లేదు. నీళ్లు తాగే సన్న వేళ్లు కొమ్మల నీడ అంచు దగ్గర ఉంటాయి, ఆ అంచున మన్ను ఎంత దొరికితే అంత చోట పోయాలి.

రాళ్లబావి (జమ్మికుంట)
16 అక్టోబర్ 2024, ఉదయం 7:45

ఇదే చర్చలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా తురాయి చెట్టు బెరడు మీద చెక్కపొట్టు, పురుగు పెంటికలు కలిసి జాలీలా అల్లుకుని ఉంది, కొమ్మ పంగల దగ్గర ఎక్కువ. తీస్తే కింద బొక్క. చెద అనుకుని సున్నం పూశాం, తగ్గలేదు.

పాత నర్సరీ (వరంగల్)
16 అక్టోబర్ 2024, ఉదయం 8:20

చెద కాదు. చెద అయితే ఎర్రమన్ను పూత ఉంటుంది, ఒత్తితే రాలుతుంది. నీది బెరడు తినే గొంగళి. పగలు బొక్కలో దాక్కుంటుంది, రాత్రి ఆ జాలీ కింద నడిచి బెరడు గీకి తింటుంది. జాలీ అంతా గోనెపట్టాతో తుడిచెయ్, ఇనుప తీగ బొక్కలోకి దూర్చి తిప్పితే పురుగు నలిగి తీగకు తడి అంటుతుంది, అలా అంటితే పని అయినట్టు. తీగ అందకపోతే దూదిని పెట్రోలులో ముంచి బొక్కలో కుక్కి బంకమట్టితో మూసెయ్. నిప్పు దగ్గర వద్దు. ఇదివరకు డైక్లోర్‌వాస్ అనే పురుగుమందు వాడేవాళ్లం, అది 2020 చివరి నుంచి నిషేధం, ఎవరైనా పాత సీసా అంటగడితే తీసుకోవద్దు. వారం తర్వాత మళ్లీ చూడు, కొత్త పొట్టు కనిపిస్తే లోపల ఇంకొకటి ఉన్నట్టు.

మేడ తోట (కరీంనగర్)
16 అక్టోబర్ 2024, రాత్రి 9:10

మా కొబ్బరికి ఆకుల కింద తెల్లదోమ, పైన నల్లటి మసి. కిందున్న మందారం, జామ కూడా నల్లబడ్డాయి. మూడు మందులు మార్చాం, నెలకే మళ్లీ వస్తోంది.

టీచరమ్మ (పరకాల)
16 అక్టోబర్ 2024, రాత్రి 9:45

మందులు ఆపేయండి చెల్లీ, అందుకే తిరిగి వస్తోంది. ఈ తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి దగ్గర బయటపడింది. దాని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ మన దగ్గర తోటల్లోనే ఉంటుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే. మోటారు పైపుతో ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి, వారానికి రెండుసార్లు. మసి పోవడానికి పలచటి గంజి చల్లండి, ఎండకు ఎండి పొరలా లేచి మసితో సహా రాలిపోతుంది. మా ఇంటి చెట్టుకు నేనే చల్లాను, మూడో రోజు ఆకు కింద నుంచి పచ్చగా కనిపించింది.

అడవి అంచు (ములుగు)
18 అక్టోబర్ 2024, రాత్రి 10:15

పక్కింటాయన భయం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడతాను. ఆగస్టు 31న మా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం గాలికి వేల చెట్లు పడిపోయాయి, 50 వేల దాకా అన్నారు. నేను తర్వాత పోయి చూశాను. మనుషులు కౌగిలిస్తే అందనంత చెట్లు వేర్లతో సహా లేచి పడి ఉన్నాయి, వేరు చుట్టూ మన్ను పళ్లెంలా పలచగా ఉంది, లోతుకు పోయిన వేరే తక్కువ. దారి పొడవునా పచ్చి చెక్క వాసన. మేడారం జాతరకు పోయే ప్రతి ఒక్కరూ ఆ చెట్ల నీడన నడిచినవాళ్లే. నాకు ఇప్పటికీ అటు పోతే మనసు బాగుండదు.

కాబట్టి చెట్టు పడదని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ ఎండు తెగులు వల్ల పడదు. ఒక పక్క వేరు నరికితే పడుతుంది, బరువంతా ఒక వైపే ఉంటే పడుతుంది. కరెంటు తీగలకు అడ్డమని ఎవరో వచ్చి ఒక పక్క కొమ్మలన్నీ నరికేసి పోతారు, మిగతా బరువు ఇంటి వైపు వంగుతుంది. తమ్ముడి చెట్టుకు రోడ్డు వైపు వేరు పోయింది కాబట్టి దానికి ఎదురు వైపు, ఇంటి మీదికి వచ్చిన కొమ్మల బరువు కొంత తగ్గించాలి. ఇప్పుడు కాదు, చలి తగ్గాక, గాలిదుమారాలు మొదలవకముందు. మోడు చేయకండి, మోడు మీద వచ్చే కొత్త కొమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, అవే ముందు విరుగుతాయి.

మొదలు చుట్టూ మన్ను పగిలి ఒక పక్క పైకి లేచినట్టు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా తెలిసినవాళ్లను పిలవండి. పైదిపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, మామునూరులో కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉంది. ఎండిన కొమ్మ ఒకటి, పచ్చ కొమ్మ ఒకటి పట్టుకుపోయి చూపించండి.

వాకిట్లో వేప (హన్మకొండ)
27 అక్టోబర్ 2024, సాయంత్రం 6:20

టైల్స్ తీయించాను. మేస్త్రి రెండుసార్లు అడిగాడు, నిజంగానే పగలగొట్టాలా అని. మొదలు చుట్టూ నాలుగడుగులు. కింద మన్ను తెల్లగా, బూజు వాసన. ఒక చోట వేరు బెరడు మెత్తగా ఊడి వచ్చింది, దానిని కత్తితో మంచి భాగం వచ్చేదాకా గీకి వదిలేశాను. ఎరువు, ఆకు వేశాను. మేడ మీద నుంచి అందిన కొసలన్నీ కోసి ఊరి బయట కాల్చాం. కార్బెండజిమ్ పోశాను, థయోఫనేట్ ఒకసారి కొట్టించాను. ప్రొఫెనోఫాస్ కొట్టలేదు, పక్కింట్లో ఏడు నెలల పాప ఉంది. కోసిన చోట ఏం పూయాలి?

పాత నర్సరీ (వరంగల్)
27 అక్టోబర్ 2024, రాత్రి 7:40

బోర్డో పేస్టు. మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్లలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో, విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో నానబెట్టి వడకట్టు. తర్వాత రెండూ కలిపి కలియబెట్టు. తోమిన ఇనుప కత్తిని అందులో ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టిందా, ఇంకొంచెం సున్నం కలపాలి. పూత పట్టకపోతే సరిపోయింది. ఆ రోజే వాడేయ్, మరునాటికి పనికిరాదు. బొటనవేలు కంటే లావు కోతలకే పూయి. పాప సంగతి మంచి పని చేశావు.

వాకిట్లో వేప (హన్మకొండ)
9 జనవరి 2025, రాత్రి 9:15

చెట్టు ఇప్పుడు చూడ్డానికి పూర్తిగా చచ్చినట్టే ఉంది. మిగిలిన పచ్చ కూడా పోయింది. పక్కింటాయన నిన్న రంపం వాళ్లనే పిలిచి ధర మాట్లాడించాడు, సగం డబ్బులు నేనిస్తానన్నాడు. ఆయన మనసులో చెడ్డతనం లేదు, మనవరాలు ఆడుకునే చోటు అదే. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

స్టేషన్ రోడ్డు (కాజీపేట)
9 జనవరి 2025, రాత్రి 9:50

అప్పుడు మావి కూడా జనవరిలో ఇలాగే ఉన్నాయి. కింద లావు కొమ్మ గీకి చూడు. ఇంకో మాట, సొంత వాకిట్లో చెట్టైనా కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం అలా చెబుతోంది. ఆ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పు. ఉగాది దాకా గడువు అడుగు.

అడవి అంచు (ములుగు)
10 జనవరి 2025, ఉదయం 6:40

పాప ఆడుకునే వైపు ఉన్న ఎండు కొమ్మలు మాత్రం ఇప్పుడే తీయించెయ్. ఎండు కొమ్మకు కాలం చూడక్కర్లేదు. ఆయన భయం సగం దాంతో తీరుతుంది.

ఎండల ఊరు (మంచిర్యాల)
11 జనవరి 2025, మధ్యాహ్నం 2:10

కోలుకునే చెట్టుకు ఎండాకాలం నీళ్లు మరవకండి. మా వైపు మే నెలలో రోడ్డు పక్క మొక్కలకు రోజూ చెంబెడు పోసి పోతారు, పైమన్ను తడిసి గంటలో ఆరుతుంది, వేరు పైకే వస్తుంది. చిన్న మొక్కైనా నాలుగైదు రోజులకోసారి రెండు బిందెలు నిదానంగా ఇంకనిస్తే వేరు కిందికి పోతుంది, తర్వాత గాలికి కూడా నిలబడుతుంది. పెద్ద వేపకు పది పదిహేను రోజులకోసారి పైపు సన్నగా వదిలి రాత్రంతా ఉంచండి. పడమటి ఎండ పడే మానుకు సున్నం పూస్తే బెరడు పగలదు.

వాకిట్లో వేప (హన్మకొండ)
16 మార్చి 2025, ఉదయం 7:05

పొద్దున అమ్మ పిలిచింది. లావు కొమ్మల మీద, పంగల దగ్గర, ఎర్రటి చిగుళ్లు. వేలి గోరంత ఉన్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను, అంత ఉన్నాయి. రోడ్డు వైపు మూడు పెద్ద కొమ్మలు మాత్రం గీకితే లోపలంతా గోధుమ రంగే, వేరు నరికిన వైపే అవి. వాటిని తీయించాలి.

పక్కింటాయన గోడ మీద నుంచి చాలాసేపు చూశాడు. నీళ్ల పైపు మా వైపు నుంచి వేసుకో అన్నాడు, ఆయన బోరులో నీళ్లు ఎక్కువ.

పాత నర్సరీ (వరంగల్)
16 మార్చి 2025, ఉదయం 8:30

కళ్లు చల్లబడ్డాయి తమ్ముడూ. ఆ మూడు కొమ్మలు తీయించేటప్పుడు ముందు కింది నుంచి సగం కోయమను, తర్వాత పై నుంచి, లేకుంటే బరువుకు బెరడు మొదలు దాకా చీలుతుంది. ఈ నెలలో వడగండ్ల వాన పడితే ఆకు చిరిగిన మరునాడే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టు. పూత వచ్చిందా?

వాకిట్లో వేప (హన్మకొండ)
30 మార్చి 2025, ఉదయం 6:50

మేడ వైపు ఒక్క కొమ్మకు వచ్చింది. అమ్మ పచ్చడిలోకి ఆ చెట్టు పువ్వే కావాలంది. అక్టోబర్ తర్వాత దానికి ఏ మందూ కొట్టలేదు కాబట్టి కోశాను, గుప్పెడు కూడా కాలేదు. పక్కింటికి కూడా అందులోంచే ఇచ్చింది.

వానలు పడ్డాక కొత్త చిగురు మీద ఆ పురుగు కోసం మళ్లీ మేడెక్కి చూడాలి. ఎన్ని రోజులకోసారి చూడమంటారు?

పాత నర్సరీ (వరంగల్)
30 మార్చి 2025, ఉదయం 9:15

జూన్ నుంచి వారానికి రెండుసార్లు, పొద్దున ఎండ ఎక్కకముందే. ఎండెక్కితే అది ఆకు చాటుకు పోతుంది, నీకు కనిపించదు.